నూనె పూసిన వీపు

గుండ్రటి గాజు ఫ్లాస్కు అడుగున, గుడ్డు సొన నుంచి తీసిన కొవ్వు పల్చటి పొరలా ఆరుతున్నప్పుడు, నేను పనిచేసే ల్యాబులో గొంతుకు పట్టుకునే ఒక తీపి వాసన వస్తుంది. అది కొవ్వుది కాదని, దాన్ని కరిగించిన ద్రావకానిదని తెలిసినా, ఆ వాసన పోయేదాకా చేతులు కడుక్కుంటూనే ఉంటాను. మా పత్తిచేనికి కొట్టిన పురుగుమందు వాసన కూడా కొంచెం వెల్లుల్లి కలిసినట్టు, ఇలాగే తియ్యగా ఉండేది.

మా ఊరు వర్ధన్నపేట దగ్గర. వానలు తగ్గి, గట్ల మీద తంగేడు పూసి, ఆడపిల్లలు గునుగుపూలు కట్టలుగా ఎత్తుకొస్తుంటే, బతుకమ్మకు అమ్మ నువ్వులు వేయించి బెల్లంతో దంచుతుంటే, మేం గోటీలాట ఆపి రోలు చుట్టూ చేరేవాళ్లం. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్తికి పచ్చపురుగు పట్టేది. మందు కొట్టే రోజు తొమ్మిదేళ్ల నాకు మూడు పనులు: డ్రమ్ములోకి నీళ్లు మోయడం, కలిపే కర్ర అందివ్వడం, నాయిన ఒంటికి కొబ్బరినూనె పూయడం. మూడోది తాత పెట్టిన పద్ధతి. "బాతు మీద నీళ్లు నిలుస్తయారా? నూనె ఉంటే మందు అంటదు," అనేవాడు తల అడ్డంగా ఊపుతూ. మెడ, భుజాలు, వీపు, నడుము, ఆ వరుసలోనే పూసి, వీపుకు తగిలించుకునే మందు పంపు పట్టీలు ఒరుసుకునే చోట రెండోసారి పట్టించేవాణ్ణి.

"గింత నూనెనా? నన్ను మిర్చిబజ్జి చేస్తవారా?" అని నాయిన నవ్వేవాడు.

సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా పంపు మూత లీకై మందు ఆయన వీపు మీదికి కారింది. నేను చూసి చెప్పాను. "నూనె ఉన్నది, ఏం గాదు," అని ఆయన ఇంకో రెండు పంపులు కొట్టాడు. ఎండ నెత్తికెక్కకముందే గట్టు మీద కూలబడ్డాడు. మొదట చెమట, తర్వాత నోట్లోంచి ఆగని చొంగ, తర్వాత రెప్పలు వాటంతటవే అదరడం. కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. మా చిన్నాయిన ఆటో తెచ్చాడు. నన్ను దిగమని చెప్పే తీరిక ఎవరికీ లేక నేనూ ఎక్కాను. వరంగల్ దవాఖానకు చేరేదాకా నాయిన ఊపిరి గురగురమంటూనే ఉంది.

అక్కడ అందరూ ఒకటే అడిగారు: "మందు తాగిండా?" ఆ ఏడు పంట బాగాలేదు. తాగే ఉంటాడనుకుని చిన్నాయిన తల దించుకున్నాడు. నాయిన ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు.

"మా నాయిన తాగలే!" అన్నాను.

"నువ్ ఊకోరా, నీకేం ఎరుక," అని చిన్నాయిన నన్ను పక్కకు లాగాడు.

నాయినను పక్కకు తిప్పబోయిన నర్సమ్మ చెయ్యి జారింది. "ఒంటికి ఏం పూసిండ్రు?" అంది. చిన్నాయినకు తెలియదు. చెబితే పోలీసులు నన్ను పట్టుకుపోతారనిపించింది. చెప్పకపోతే ఏమవుతుందో మంచం మీదే కనిపిస్తోంది.

"కొబ్బరినూనె. నేనే పూసిన. మందు ఈపు మీద కారింది."

"జల్ది బట్టలు ఇప్పుండ్రి! సబ్బు తేండ్రి!" అని ఆమె అరిచింది. వీపు, చంకలు, జుట్టు, గోళ్ల సందులు, అన్నీ రెండుసార్లు కడిగారు. సూది మీద సూది వేశారు. మూడో రోజు నాయిన కళ్లు తెరిచి, "బతుకమ్మ అయిపోయిందా?" అని అడిగాడు.

"నా కొడుకు చెప్పబట్టి బతికిన," అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ నమ్మాను. డిగ్రీ రెండో ఏట కణత్వచం పాఠం వచ్చేదాకా. మన ఒంట్లో కణం చుట్టూ గోడ ఉండదు, రెండు వరుసల కొవ్వు అణువులుంటాయి. వాటి తలలు నీటివైపు, తోకలు నీటికి దూరంగా లోపలికి. నీటిలో కరిగే చాలా పదార్థాలకు ప్రత్యేకమైన దారులు కావాలి. కొవ్వులో కరిగే చిన్న అణువులు ఏ దారీ అడక్కుండా ఆ తోకల మధ్య నుంచి జారిపోతాయి. ఆ మందు అలాంటిది. బాతు ఈక నీటిని ఆపుతుంది నిజమే. కానీ నూనె ఈ మందును ఆపదు, తనలో కరిగించుకుని చర్మానికి అప్పగిస్తుంది. ఆ రోజు నోట్సులో బొమ్మ సగంలోనే ఆపేశాను.

శనివారం ఇంటికెళ్లి, పశువుల కొట్టంలో గడ్డి వేస్తున్న నాయినతో చెప్పాను: "నేను పూసిన నూనెతోనే మందు లోపటికి పోయింది నాయినా."

ఆయన చేతిలో గడ్డి దించలేదు. "నాకెరుకే బిడ్డా. నర్సమ్మ గప్పుడే చెప్పింది. నీకు చెప్పద్దన్న."

"తాతకు?"

"తాతకు సుత చెప్పలే. నూనె పిరమైంది, ఇగ పూసుకునుడు బంద్ అని చెప్పిన. ఊరోళ్లకు మాత్రం, మీ ఇద్దరి చెవిన పడనియ్యద్దని, అసలు సంగతే చెప్పిన."

ఇప్పుడు మా చేలో పత్తి లేదు, మక్క వేస్తున్నారు. పక్క చేలలో మందు కొట్టేవాళ్లు చేతులకు గ్లవ్స్, ఒంటికి నిండు చొక్కా వేసుకుంటున్నారు. తాత పోయి చాలా ఏళ్లయింది. పోయేదాకా ఆయన, నూనె ధర పెంచి తన కొడుకు ఒంటికి నూనె లేకుండా చేశాడని దుకాణపాయన్ని తిడుతూనే ఉన్నాడు. నాయిన ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.