తులసమ్మ తోమిన జపాను కుండలు

భిలాయి వైశాలి నగర్‌లో బలరాం ఇంట మొగుడూ పెళ్లాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కారణం తాగుడూ కాదు, పేకాటా కాదు. అద్దాల బీరువాలోని ఏడు జపాను కుండలు! సుమిదా కుండలంటారు. ఎప్పుడో వందేళ్ల కిందట ఓడలకెక్కించి పరదేశాల్లో అమ్మడానికే చేసినవి. ఎర్రటి ఒళ్లు, దాని మీద ఉబ్బెత్తుగా ఎగబాకే పిల్లలూ, ముసలాళ్లూ, కోతులూ.

బలరాం స్టీల్ ప్లాంట్‌లో ముప్పై నాలుగేళ్లు కొలిమి ఇటుకలు పేర్చిన మనిషి. పవర్ హౌస్ బజారులోని పాతసామాన్ల కబాడీ కొట్లో మొదటి కుండ దొరికిన నాటి నుంచీ అదే పిచ్చి. బావమరిది రమాకాంత్ వచ్చినప్పుడల్లా "అంతా నకిలీ మాల్, బావా! నీకు టోపీ పెట్టారు" అని నవ్వేవాడు. బలరాంకి ఒళ్లు మండిపోయేది. తేల్చుకోడానికి దారి ఒక్కటే. పాతకాలం పనివాళ్లు ఆ ఎరుపుని కుండ కాలాక పైన పూసేవారని చదివాడు. నీళ్లు పెట్టి రుద్దితే ఊడిపోతుంది. ఈనాటి నకిలీల మీద రంగు బట్టీలోనే కాలుతుంది, చచ్చినా పోదు. మరి అసలుదని తేలిన కుండ ఆ క్షణమే పాడైపోతుందే! ఎవడు తడుపుతాడు? పదకొండేళ్లు ఆ శంకతోనే కొట్టుకున్నాడు.

మార్గశిరం మొదటి లక్ష్మివారం రేపనగా, శ్రీకాకుళంలో పుట్టిపెరిగిన ఆడది ఇంట్లో ఏదీ తోమకుండా వదలదు. బలరాం కూరలు తెచ్చేసరికి పెళ్లాం తులసమ్మ ఇత్తడి బిందెలతో పాటు ఏడు కుండల్నీ చింతపండేసి తోమేసింది. పెరడంతా ఎర్రనీళ్లు.

"నీ దుంప తెగ! ఏటి చేశావే?"

"ఏటి చేస్తాను? దుమ్ముగొట్టిన దరిద్రాలు రేపు లక్ష్మికి చూపించమంటారా? రంగెలా పోయిందో చూడండి. మా తమ్ముడు చెప్పిందే నిజం."

ఆరు కుండలు మట్టిరంగులో బోసిగా కూర్చున్నాయి. బలరాం ఒక్కోదాన్నీ ఎత్తి తిప్పి చూశాడు. అంతలోనే పిచ్చి నవ్వొచ్చింది. "అసలువే! ఆరూ అసలువే!" అని అరిచాడు. ఏడోది మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోంది. అది రిటైర్మెంట్ నాడు రమాకాంత్ ఢిల్లీ షోరూంలో కొన్నానని పదిమందిలో చెప్పి మరీ ఇచ్చింది.

"అదొక్కటే నకిలీది" అన్నాడు.

తులసమ్మ వెంటనే తమ్ముడికి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది. "రంగు పోయినవి అసలువట, పోనిది నకిలీదట, విన్నావురా!" రమాకాంత్ పడీపడీ నవ్వాడు. భిలాయి అంతా తిరిగి చెప్పినా ఇదే నవ్వు నవ్వుతారని బలరాంకి అర్థమైపోయింది. ఆరు బోసి కుండల్నీ తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏడోదాన్ని తెచ్చి వీధి కుళాయి కింద ఠక్కున పెట్టాడు.

"అయ్యో, అక్కడెందుకండీ?"

"మీ తమ్ముడొస్తే కాళ్లు కడుక్కోడానికి. ఎన్నేళ్లు నీళ్లలో నానినా దీనికేం కాదు."