వంటింటి గొట్టాలకు తలుపు

నా చిన్నప్పుడు, తాడేపల్లిగూడెంలో మా వంటింట్లోకి కుళాయి వచ్చింది. పెరట్లో నూతి నీళ్ళు తోడే పని తప్పిందని అమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. నేనైతే తిప్పడం, కట్టడం, మళ్ళీ తిప్పడం! నాన్నగారికి మాత్రం ఒక్కటే బెంగ. డాబా మీది ట్యాంకు నుంచి దిగిన ఇనప గొట్టాలు గోడంతా పాకి కనిపిస్తున్నాయి. త్వరలో మా తమ్ముడి అన్నప్రాసన. చుట్టాలందరూ వస్తారు. ఈలోగా వాటిని కప్పేయాలని ఆయన పట్టుదల.

దేనితో కప్పాలన్న దగ్గర మొదలైంది అసలు సందడి. నాన్నగారు అద్దంలా మెరిసే సన్మైకా అంటించిన ప్లైవుడ్ కావాలన్నారు. మామ్మ రేకు చాలంది. కొల్లేటి జమ్ముగడ్డితో అల్లిన చాప కట్టేస్తే ఖర్చే ఉండదని పక్కింటివారి సలహా. అప్పుడు మా మేనత్త, కాలేజీలో బీఎస్సీ చదువుతున్న మనిషి, ఒక్కో రకానిది ఒక్కో ముక్క తెచ్చింది. అందులో వడ్రంగి ఇచ్చిన పాత టేకు చెక్క కూడా ఒకటి. అన్నింటినీ సగం మునిగేలా నీళ్ళ బకెట్‌లో నిలబెట్టి, పొయ్యికి దగ్గరగా పెట్టింది. "ఏది గెలుస్తుందో నువ్వే చెప్పవే," అంది నాతో. నేను మెరిసేదాని పక్షం.

ఇక నాకు నిద్ర పడితేనా! తెల్లారగానే మొహమైనా కడగకుండా బకెట్ దగ్గరికి పరుగు. కొన్నాళ్ళకి నా ప్లైవుడ్ అంచులు ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. రేకు అంచున తుప్పు పట్టింది. జమ్ము చాపకి బూజు, పైగా వాసన. టేకు ముక్క మాత్రం తడిసి కాస్త నల్లబడిందంతే, చెక్కుచెదరలేదు. ఓడిపోయినందుకు ఏడుపు రావాల్సింది పోయి నేను చప్పట్లు కొట్టాను. నాన్నగారు కూడా సరేనన్నారు.

వడ్రంగి పలకలు కోసి గొట్టాల చుట్టూ పెట్టెలా అమర్చాడు. మర్నాడు మేకులు దిగ్గొట్టేయడమే తరువాయి. అప్పుడు అమ్మ అంది, "ఏవండీ, లోపల గొట్టం కారితే నేను చూసేదెలాగండీ?"

"కొత్త గొట్టాలు ఎందుకు కారతాయి?" అని నవ్వేశారు నాన్నగారు.

ఆ సాయంత్రం అత్త నన్ను పిలిచి, అడుగున చిల్లున్న చెంబులో నీళ్ళు పోయించి, ఆ పలకల వెనక దాచింది. నోటి మీద వేలు వేసుకోమంది. నవ్వు ఆపుకోలేక నా కడుపు నొప్పెట్టింది.

నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నీటి కాలువ. ఆయన పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చున్నారు, గోడకి చెవి పెట్టి విన్నారు, చివరికి, మేకులింకా కొట్టలేదన్న సంగతే మరిచిపోయి సుత్తి తెమ్మన్నారు, పలకలు పగలగొట్టడానికి. అప్పుడు అత్త ఒక పలక పక్కకి జరిపి చెంబు తీసి చూపించింది. "అన్నయ్యా, ఇది ఉత్తుత్తి కారుడే. నిజంగా కారినప్పుడు ఇంట్లో నువ్వుంటావా, వదిన ఉంటుందా?"

నేను బిక్కచచ్చిపోయాను. నాన్నగారు చెంబు వంక చూసి పకపకా నవ్వారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "తలుపు ఎక్కడుండాలో నువ్వు చెప్పు," అన్నారు. అమ్మ గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. తన చేతికి అందే ఎత్తులో. వడ్రంగి అక్కడే బందులు వేసి, గడియ పెట్టాడు.

అన్నప్రాసన రోజు విస్తళ్ళు వేస్తుండగా నిజంగానే ఒక జాయింటు పిచికారీ కొట్టింది. ఆ పక్కనే విందు బియ్యం బస్తా. మగవాళ్ళందరూ వీధి అరుగు మీదున్నారు. అమ్మ ఒక్క అంగలో వచ్చి గడియ తీసి, లోపల నీళ్ళు ఆపే కుళాయి కట్టేసి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని పప్పు వడ్డించడానికి వెళ్ళిపోయింది. అంత హడావిడిలోనూ అమ్మ ముఖంలో కనిపించిన ఆ ధీమా నాకిప్పటికీ గుర్తే.

పెద్దయ్యాక నేను ఏలూరులో ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. కొత్త బెంచీలు కొనాల్సి వచ్చినప్పుడు దుకాణదారు నా బల్ల మీద రంగురంగుల బొమ్మలు పరిచి, ఏది కావాలో సెలవివ్వండి మేడం అన్నాడు. ఒక్కో రకం బెంచీ ఒకటి తెప్పించండి అన్నాను. అవి వచ్చాక, ఒకటో తరగతి పిల్లల్ని పిలిచి కూర్చోమన్నాను.