మదర్‌బోర్డును పట్టుకునే తీరు

అప్పట్లో కంప్యూటర్‌ని విడిభాగాలుగా కొని బిగించుకునేవాళ్ళం. విశాఖలో ప్రాసెసర్ చవకదే తీసుకున్నాను, మెమరీ తర్వాత పెంచుకోవచ్చులే అనుకున్నాను. మదర్‌బోర్డు మాత్రం మంచిది కొని, పాడేరు మీదుగా వెళ్ళే అరకు బస్సెక్కాను.

ఘాట్ మలుపుల్లో డబ్బా ఒళ్ళోంచి జారిపోతోంది. పక్క సీట్లో కొండ మనిషి, దుప్పటి మూట ఒకటి గుండెకి హత్తుకుని, అటే చూస్తున్నాడు.

"ఏటి బాబూ అది?"

"కంప్యూటర్ బోర్డు. పసిపిల్లలా చూసుకోవాలి. దెబ్బ తగిలితే చచ్చిపోతుంది."

అతను ఒక చేత్తో నా డబ్బాని ఎత్తి నా గుండెకి ఆనించాడు. "ఇలగ పట్టుకో. కుదుపు తగల్దు."

మూటకి లగేజీ టికెట్టు తియ్యమన్నాడు కండక్టర్.

"లగేజీ కాదు బాబూ, మా గుంట, సిన్నపిల్ల. తొంగుంది. పెద్దాసుపత్రి నుంచి తీసుకెల్తన్నాను."

హుకుంపేటలో అతను దిగాడు. అక్కడ కాచుకుని ఉన్న ఆడవాళ్ళు దుప్పటి తొలగించి చూసి గొల్లుమన్నారు.

"ముందే సెప్తే దించీసేవోణ్ణి," అన్నాడు కండక్టర్, ఎవరి మొహమూ చూడకుండా. "శవాన్ని ఎక్కించుకోకూడదు కదా."

నా బోర్డు ఒక్క దెబ్బా తగలకుండా ఇల్లు చేరింది. చాలా ఏళ్ళు పనిచేసింది.