వెల్దుర్తి మోటార్లు వంతులవారీగా లేచిన రోజు

మా మీరాబీ గెలిచింది! సర్కారువారి పరిశోధన గ్రాంటులో రెండో సగం కూడా మంజూరైంది! నరసరావుపేట రేకుల షెడ్డులో మోటారు స్టార్టర్లు బాగుచేసే మా అమ్మాయికి! ఇలాంటి గ్రాంటు తీసుకున్న చిన్న షెడ్లవాళ్ళు ఇంకా ఉంటారు, తాము చేసిన సామాను పల్లెకు తీసుకెళ్ళి చూపించాల్సిన రోజు వాళ్ళకూ వస్తుంది. అందుకే మా వెల్దుర్తి ప్రయాణం మొదటి నుంచీ రాస్తున్నాను.

మా వైపు కరెంటు పోయి తిరిగి రాగానే పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. రైతులు స్విచ్చులు వేసే ఉంచుతారు మరి. ఆ బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోతుంది, ఒక్కోసారి సబ్‌స్టేషనే ఆగిపోతుంది. పాలిటెక్నిక్ చదివిన మా అమ్మాయి దీనికొక పెట్టె తయారుచేసింది. అది బిగిస్తే కరెంటు వచ్చాక మోటార్లు కొంచెం కొంచెం ఆగి ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఏది ఎంతసేపు ఆగాలో పెట్టె మీది బుడిపె తిప్పి పెట్టాలి. గ్రాంటు మొదటి సగంతో పెట్టెలు చేసి వెల్దుర్తి పొలాల్లో ముందే బిగించి వచ్చింది. అధికారి ఎదుట అవి పనిచేస్తే రెండో సగం, లేకపోతే షెడ్డు మూసుకోవడమే.

పరీక్ష రోజు తెల్లవారుజామున ఐదు గంటల బస్సెక్కాం. మాచర్లకు టికెట్టు మనిషికి తొమ్మిది రూపాయల చిల్లర. నా ఒళ్ళో ఒక పెట్టె ఉంది, ఏదైనా చెడిపోతే మార్చడానికి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర కిటికీలోంచి తెల్లటి పొడి వచ్చి, అసలే నెరిసిన నా గడ్డాన్ని ఇంకా తెల్లగా చేసింది. గురజాలలో టీ తాగి, ఎనిమిదిన్నరకు మాచర్లలో దిగి, ఇడ్లీ తిని, మనిషికి రెండు రూపాయలిచ్చి వెల్దుర్తి జీపెక్కాం.

“ఏంది తాతా ఆ పెట్టె? పల్నాడులో పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే పక్కన ఎవడన్నా కూర్చుంటాడా?” అన్నాడు డ్రైవరు.

“బాంబు గాదులే నాయనా, కరెంటు పెట్టె. మా అమ్మాయే చేసింది.”

“అట్టయితే మా ఇంటికి కూడా రమ్మను. మా ఆడది మాట్లాడితే షాకు కొడతంది!”

“తప్పు వైరింగులో ఉంటది అన్నా. ముందు నిన్ను విప్పి చూడాల,” అంది మీరాబీ. జీపంతా నవ్వులే.

పది గంటలకు పొలంలో హైదరాబాదు అధికారి, లైన్‌మన్, రైతులు అందరూ చేరారు. లైన్‌మన్ కరెంటు తీసి, కాసేపాగి మళ్ళీ ఇచ్చాడు. మోటార్లన్నీ ఒక్క గొంతుతో మూలిగాయి. పొలంలోని మోటారు షెడ్డులో బల్బు మిణుగురులా అయింది, ఫ్యూజు ఢామ్మంది. అధికారి ఫైలు మూసేశారు. నేను పెట్టె పట్టుకునే గట్టు మీద కూలబడ్డాను.

“ఇంతోటి దానికి గవర్నమెంటు డబ్బులా?” అన్నాడు కోటయ్య అనే రైతు.

మీరాబీ నేరుగా అతని స్టార్టరు దగ్గరికే వెళ్ళింది. బుడిపె సున్నా మీద ఉంది, అంటే మోటారు అసలు ఆగదు. పక్క మోటారుదీ సున్నాయే, ఆ పక్కదీ సున్నాయే!

“ఎవరు తిప్పారు బాబాయ్?”

“నేనే. నా మోటారు, నా మిరపతోట. వాడికన్నా ఎనక నేనెందుకు తడుపుకోవాల?” అన్నాడు కోటయ్య.

“ఓరినీ! నేనొక్కణ్ణే తిప్పాననుకున్నా గదరా!” అన్నాడు పక్క చేను రైతు.

అప్పుడు సుబ్బాయమ్మ అనే ముసలి రైతు కొంగు దోపుకుని ముందుకొచ్చింది. “ఏందిరా మీ గోల? మా నాలుగిళ్ళకీ ఒకటే బాయి. ఇయ్యాళ ముందు తడుపుకున్నోడు రేపు ఎనక. మా మామ కాలం నుంచీ అంతే. ఈటిని కూడా అట్టా తిప్పుకోండి.”

“అట్టాగే పెద్దమ్మా,” అని మీరాబీ సుద్దముక్కతో షెడ్డు గోడ మీద రోజువారీ వంతులు రాసింది.

కోటయ్య గోడ మీద తన వంతు ఎక్కడుందో వేలుపెట్టి చూసుకున్నాడు. “సరే, ఇయ్యాళ నేను ఎనక. రేపు నా వంతు తప్పిందా, పెట్టె పీకి అవతల పారేస్తా!”

మీరాబీ ఆ వంతుల ప్రకారం బుడిపెలు తిప్పింది, లైన్‌మన్ ఫ్యూజు మార్చి మళ్ళీ కరెంటు ఇచ్చాడు. సుబ్బాయమ్మ మోటారు లేచింది. కొంచెం ఆగి ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. బల్బు మసకబారలేదు. చివరికి కోటయ్య పైపులోంచి కూడా నీళ్ళు దూకాయి. నేను లేచి లైన్‌మన్‌ను గట్టిగా కావలించుకున్నాను, పాపం భయపడ్డాడు కూడా.

“వంతు దానంతటదే మారే పెట్టె చేయగలవా అమ్మా?” అని అధికారి అడిగారు.

“చేస్తానండి. టైము ఇవ్వండి చాలు.”

“అయితే రెండో సగం దానికే కావాలని అర్జీ పెట్టుకో. నేను సిఫారసు రాస్తాను.” నిన్న ఉత్తర్వు వచ్చింది.

నేను చదివింది ఐదో తరగతే. కానీ తన వంతు ఖాయమని తెలిస్తే మనిషి ఆగుతాడని ఆ పొలంలో చూశాను. సర్కారు డబ్బు, మా అమ్మాయి బుర్ర, బావి దగ్గరి పాత కట్టుబాటు, ఈ మూడూ కలిస్తే మా పల్నాడు పొలాల్లో కరెంటు నిలకడగా ఉంటుంది. మీరూ ఇలాంటి పరీక్షకు వెళ్తుంటే ఒక్క మాట వినండి: ఒకరోజు ముందే చేరి రైతులతో కూర్చుని వంతులు తేల్చుకోండి, ఆ తర్వాతే కరెంటు ఇప్పించండి.

ఇక ఈ కబురు అందాల్సినవాళ్ళు: గురజాలలో మా అక్క హుసేన్‌బీ. చిలకలూరిపేట మిల్లులో పనిచేసే మేనల్లుడు సైదులు. కొండవీడు కింద ఉండే వియ్యంకుడు దస్తగిరి, వదినగారు. ఆడపిల్లకు కరెంటు చదువేందిరా అని నాతో మాటలు మానేసిన మా పెద్దన్న కాశిం. అన్నకు మాత్రం ఉత్తరం రాయను, మీరాబీని వెంటబెట్టుకుని నేనే వెళ్తాను.