చెవిలో చన్నీళ్ళు

మొన్న తల తిరుగుతోందని వెళ్తే, డాక్టరమ్మ నా కళ్ళకు నల్ల అద్దాలు బిగించి చెవిలోకి చల్లగాలి ఊదించింది. గది గిర్రున తిరిగింది. భయపడొద్దు, చెవి పనిచేస్తోందని అర్థం అంది. భయమెక్కడిది, నాకు నవ్వాగలేదు. ఈ పరీక్షను నేను ఓణీలు వేసుకునే వయసులోనే చూశాను. అప్పుడు గాలి కాదు, నీళ్ళు పోసేవాళ్ళు.

మా మేనత్తను గుడియాత్తం దగ్గర సేద్యగాళ్ళ ఇంటికిచ్చారు. పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆమెకు తల తిరుగుడు పట్టుకుంది. బిందె ఎత్తుకుని నడుస్తూ నడుస్తూ ఒక పక్కకు కూలిపోయేది. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి, పెత్తనమంతా ఆయన అన్నగారిదే. ఆ పెద్దాయన దయ్యమని తేల్చి, మంత్రగాణ్ణి పిలిపించి, అత్తను వేపమండలతో కొట్టించాడు. వీపు వాచిందిగానీ తిరుగుడు తగ్గలేదు. అప్పుడు దయ్యం కాదు, పని ఎగ్గొట్టే నాటకమన్నాడు. తమ్ముడికి మేల్పాడిలో రెండో సంబంధం చూసిపెట్టాడు. రాష్ట్రాలు విడగొడుతున్న రోజులవి. మా ఊళ్ళు ఆంధ్రకు పోతాయా, మద్రాసులోనే ఉంటాయా అని మగవాళ్ళు అరుగుల మీద గొంతులు చించుకునేవాళ్ళు. మా అత్త ఎక్కడికి పోవాలో ఒక్కడూ అడగలేదు.

మా నాయన పట్టుబట్టి ఆమెను వేలూరు ఆసుపత్రికి బయల్దేరదీశాడు. నాటకం బయటపడేది కళ్ళారా చూడాలని పెద్దాయనా వచ్చాడు. నేనెందుకు వెళ్ళానంటే, మా వాళ్ళలో ఆడది భర్త అన్నతో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను.

డాక్టరు తమిళాయన. అత్తను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ చెవిలో చన్నీళ్ళు పోసి, ఆమె కళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. అత్త నిమ్మళంగా పడుకుంది. ఏమీ కాలేదు. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"చూసినారా? తల తిరగలా, ఏమీ కాలా. నాకూ పొయ్యండి సార్, నేనూ ఇట్లే పడుకుంటా."

డాక్టరు ఆయన్ను ఎగాదిగా చూసి, అత్తను దింపి, "సరి, పడుంగ" అని బల్ల చూపించాడు.

నీళ్ళు పోసి నిమిషం కాలేదు, పెద్దాయన కనుగుడ్లు కుదురు తప్పి కొట్టుకున్నాయి. బల్ల అంచులు రెండు చేతులా పట్టుకుని, "పడిపోతా ఉండా, పట్టుకోండప్పా" అంటూ ఇస్త్రీ చొక్కా నిండా వాంతి చేసుకున్నాడు. నేనైతే ఒకడుగు వెనక్కే వేశాను.

"బాగుండే చెవికి ఇట్లే తిరగాల. ఈయమ్మ చెవి దెబ్బతినింది, అందుకే తిరగలా. జబ్బు అదే" అన్నాడు డాక్టరు.

అత్త కొంగు సర్దుకుంది. నా వైపు చూడనైనా లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి పెద్దాయనతోనే నేరుగా అంది. "బావా, వేపమండలు తెప్పించమంటారా?"

మేల్పాడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈ సంగతి ఊరంతా పాకింది, పాకించింది నేనే. వాంతి కాస్త ఎక్కువ చేసి చెప్పాను కూడా.

ముసలితనంలో పెద్దాయన మంచాన పడితే గంజి పోసింది అత్తే. ఎంత మంచి మనసు, అన్నీ మరిచిపోయిందన్నారు జనం. నేను అడిగితే, "మరిచేదేముండాదమ్మీ. ఆకలి అన్న్యాడు, గంజి పోసినా. అంతే" అంది. ఇద్దరూ పోయి చాలాకాలమైంది. నా కోపం మాత్రం చెక్కుచెదరలేదు. కాలం మనుషులను తీసుకుపోయినంత తేలిగ్గా, వాళ్ళు చేసినవాటిని తీసుకుపోలేదు.