కర్మకి తర్జుమా అక్కర్లేదు

తణుకు అవతల ఒక రొయ్యల ప్లాంట్లో హెచ్ఆర్ పని చూస్తాను. యజమానులు థాయిలాండ్ వాళ్ళు. అక్కణ్ణుంచి వచ్చిన మేనేజరు గేటు పక్కన స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి కట్టించారు. ఆ స్థలాన్ని కాపాడే దేవతకట. రోజూ పొద్దున్నే అక్కడో పూలదండ, ఎర్రటి కూల్‌డ్రింకు సీసా పెడతారు. మర్నాటి నుంచే మావాళ్ళు చెప్పులు విప్పి దాని ముందు ఆగడం మొదలుపెట్టారు. ఏ దేవుడని ఎవరూ అడగలేదు. దేవుణ్ణి పాస్‌పోర్టు అడిగే అలవాటు మా వైపు లేదు.

మేనేజరు నలుగురిలో ఎవర్నీ కేకలెయ్యరు. పెద్దవాళ్ళొస్తే, అటెండరైనా సరే, లేచి నిలబడతారు. కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్‌లో నేను ఇదే దంచేవాణ్ణి. బుద్ధుడు ఇక్కణ్ణుంచే అటు వెళ్ళాడని, పెద్దల్ని గౌరవించడం, కోపం దిగమింగడం, సర్దుకుపోవడం మనకీ వాళ్ళకీ ఒకటేనని, అందుకే ఇక్కడ పని ఇంట్లో పనిలా సాగుతుందని. నమ్మే చెప్పాను.

దసరాకి ముందు రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ మెషీన్‌లో పడి ఒకమ్మాయి వేళ్ళు నలిగాయి. ఈసారి ఆయుధపూజ దానికే చెయ్యాలని ఆడవాళ్ళంతా పట్టుబట్టారు. ఆ లైన్ సూపర్‌వైజరు లూథరన్ చర్చికి వెళ్ళే మనిషి. భర్త పోయారు, కూతురు నిడదవోలులో నర్సింగ్ చదువుతోంది, ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. తను పూజలో చెయ్యి పెట్టదు. అయినా "వాళ్ళ భయం వాళ్ళదండి, చేసుకోనివ్వండి" అని మెషీన్ గది తాళం తీసిచ్చింది. మేనేజరు కూడా వచ్చి అగరొత్తులు వెలిగించారు. అందరూ మురిసిపోయారు, నాతో సహా.

వేళ్ళు నలిగిన చోటే బొట్టు పెడితే మెషీన్ శాంతిస్తుందని ఎవరో బెల్టు కిందకి చెయ్యి పోనిచ్చి కుంకుమ రాశారు. పైపైన కడిగితే అది పోలేదు. రొయ్యలకి ఎర్రమరకలు అంటుకున్నాయి. మా దగ్గర కొనే జపాన్ వాళ్ళు సరుకంతా వెనక్కి కొట్టారు.

ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. తాళం ఇచ్చింది సూపర్‌వైజరు కాబట్టి మేనేజరు ఆవిణ్ణి తన గదికి పిలిచి, కూర్చోబెట్టి, టీ కప్పు స్వయంగా అందించారు. ఆయన ఇంగ్లీషు నేను తెలుగులో చెబుతున్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపిస్తోంది. తప్పు ఎవరిదీ కాదన్నారు. రాసిపెట్టి ఉన్నదాన్ని ప్రశాంతంగా తీసుకోవాలన్నారు. చివర్లో ఆయన "కర్మ" అన్నారు. అది మాత్రం నేను తిప్పి చెప్పక్కర్లేకపోయింది.

ఆవిడ టీ ముట్టుకోలేదు.

"సార్ చెప్పింది బానే ఉందండి. కర్మ అందరిదీ అయితే ఇంటికి నేనొక్కదాన్నే ఎందుకెళ్ళాలండి? ఆ రోజు అగరొత్తులు సార్ కూడా వెలిగించారు కదండి."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన లేచి, ఆవిడ ముందు తలవంచి, రెండు చేతులూ జోడించారు. మా పెద్దలకి కూడా నేనెప్పుడూ అంత వంగి దణ్ణం పెట్టలేదు.

ఆవిడ చేతులు ఒళ్ళోంచి లేవలేదు. నావైపు తిరిగి, "ఇంక ఏం చెయ్యాలండి?" అంది.

నాకు జాలి గానీ, సిగ్గు గానీ ఏమీ అనిపించలేదు. రాజీనామా కాగితం ఆవిడ ముందుకి జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.