కోడలికి జ్వరం తెచ్చిన సూది, నాకు తేని సూది

మంగళారం పొద్దున ఆరున్నర. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న దినాలు. బచ్చన్నపేట పక్కన మా ఊళ్లె వాకిలి ఊడుస్తున్న నా కోడలు సుజాత పిక్కను కుక్క పట్టింది. విడిపియ్యబోతే నా చెయ్యి కరిచింది. సుజాతకు అప్పుడు ఐదో నెల.

మొదటి తప్పు నాదే. ఇద్దరి గాయాల మీద కారంపొడి అద్దిన. మా అవ్వ గట్లనే చేసేది.

జనగామ దవాఖానల డాక్టరమ్మ చూసి మండిపడ్డది. "కారం కూరల ఎయ్యి అవ్వా, గాయం మీద కాదు. సబ్బుతోని పావుగంట కడగాలె." గాయాల చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చి, యాంటీ రేబిస్ వ్యాక్సిన్ మొదటి డోసు ఏసి, మొత్తం ఐదు డోసులని కార్డులు రాసింది.

"కడుపుతోని ఉన్నది గదా?" అన్న.

"అందుకే ఇయ్యాలె. రేబిస్ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

శుక్రారం రెండో సూది. తెల్లారి సుజాతకు ఒళ్లు కాలింది, జబ్బ వాసింది. నాకేం కాలే, చేన్ల పత్తి ఏరిన. దానికి మందు ఎక్కువైంది, నాకిచ్చింది ఉత్త నీళ్లు అనుకున్న. అది రెండో తప్పు. "ఇగ సూదులు బంద్. పసరు తాగుదాం" అన్న. సుజాత అన్నది, "పసరు నువ్వు తాగు అత్తమ్మా. నా బిడ్డ కోసం నేను పోత."

మంగళారం మూడో సూది. దాన్ని ఇడిచిపెట్టలేక నేను, నా కొడుకు మల్లేశం గూడ ఆటో ఎక్కినం. పోతే జనగామ కాడ సమ్మెతోని రోడ్డు బంద్. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి, వంటావార్పు, పెద్ద గంజుల అన్నం ఉడుకుతున్నది. "మంచిగైంది, మర్లిపోదాం" అన్న. సుజాత దిగి పొయ్యి కాడికి నడిచి కార్డు చూపింది.

గరిటె తిప్పుతున్నాయన నన్ను చూసి, "అవ్వా, నిన్ను కరిచినంక ఆ కుక్క బతికిందా?" అన్నడు. అందరు నవ్విన్రు. నలుగురు గుడ్డలు పట్టి ఉడుకుతున్న గంజు ఎత్తిన్రు, రాళ్లు జరిపిన్రు. ఆటో సాగింది. "సూది ఏసుకొని వచ్చి బువ్వ తినున్రి!" అని ఎనుకనుంచి కేక.

నా అనుమానం డాక్టరమ్మను అడిగిన. "ఇద్దరికీ ఒక్కటే మందు అవ్వా. వ్యాక్సిన్ ఏసినంక జ్వరం, వాపు మొగోళ్లకంటే ఆడోళ్లకు ఎక్కువ, వయసుల ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ కనిపిస్తయి. ముసలి ఒంట్లె ఇమ్యూన్ రెస్పాన్స్ జర నెమ్మది. జ్వరం రాలేదంటే మందు పనిచేస్తలేదని కాదు. నువ్వు ఒక్క డోసు కూడ తప్పొద్దు." సుజాతకు పారాసిటమాల్ రాసి, కడుపుతోని ఉన్నప్పుడు జ్వరం ఉంచుకోవద్దన్నది.

ఐదు సూదులూ ఇద్దరం ఏసుకున్నం. నెలలు నిండినంక ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలు. గెలిచినం! పిల్ల ముందొచ్చింది, తెలంగాణ తర్వాతొచ్చింది. బడికి పోయి, నాతోని అక్షరాలు దిద్దిచ్చింది ఆ పిల్లనే. ఇప్పుడు వాడకట్టుల ఎవరి సూది కార్డయినా నేనే చదువుత.

కుక్క కరిస్తే సబ్బుతోని కడిగి దవాఖానకు పోన్రి. జ్వరమొచ్చినా రాకున్నా కార్డుల ఆఖరు తేదీ దాక పోన్రి.

ఆ రెండో మంగళారం మర్లొచ్చి రోడ్డు మీద కలిసి బువ్వ తిన్నోళ్లం: నేను లచ్చమ్మను, మల్లేశం, ఆటో యాకూబ్, గరిటె సోమయ్య, గంజు ఎత్తిన ఎల్లయ్య, కనకయ్య, బుచ్చమ్మ, రాజవ్వ, నా కోడలు సుజాత, దాని కడుపుల మా శ్రావణి.